పుదుచ్చేరి గ్రంథభాండారాలు – పుస్తకప్రియుల పాత్ర

ఏటా నవంబరు 14వ తేదీ నుంచి వారం రోజులపాటు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలలో వక్తలు తప్పక వాడే ఉపమానం ఒకటున్నది. గ్రంథాలయం దేవాలయం వంటిదని. ఉపమానంలో భక్తి ఉన్నది గాని, పరిశీలించి చూస్తే ఔచిత్యం తక్కువ. గర్భగుడిలోని మూలవిరాట్టును అర్చకుడు తప్ప మరొకరు తాకరాదు. దూరం నుంచి దర్శించుకొని రావడమే భక్తుని వంతు. పుస్తకం సంగతి అట్లా కాదు. పరుల చేయి తాకనంతకాలం అది ఆకుల కట్ట, లేదా కాగితాల దొంతర మాత్రమే. పుస్తకప్రియుడికి గ్రంథాలయం పట్ల ఉండే ఆకర్షణకు మూలం దర్శనంలో ఉన్నదా, స్పర్శలో ఉన్నదా అన్న ప్రశ్నకు సమాధానం వెతకదలచిన వారికి పుదుచ్చేరి పట్టణం వంటి నిదర్శనం దక్షిణదేశంలో అరుదు.

సముద్రతీరాన కాలినడకన తిరగదగినంత మేరలో ఈ పట్టణం ఎన్నో రకాల పుస్తకాలను దాచుకున్నది. సెయింట్ లూయీ వీధిలో 1955లో స్థాపితమైన ఫ్రెంచి పరిశోధన సంస్థ, ద్యూమా వీధిలో ప్రాచ్య విద్యలకు చెందిన ఫ్రెంచి విద్యాపీఠం శాఖ, భారతి పార్కు సమీపంలో రోమా రోలా పేరు మీద వెలసిన ప్రభుత్వ గ్రంథాలయం, అరవింద ఆశ్రమ గ్రంథాలయం, 1908 నుంచి 1918 వరకు ప్రవాసజీవితం గడిపిన సుబ్రహ్మణ్య భారతి స్మృతిగా నిలిచిన ఇల్లు. వీటి చరిత్రలు వేరు, పోషకులు వేరు, భాషలు కూడా వేరు. అయినా ఈ పట్టణపు పుస్తకచరిత్రను ఆరంభించవలసింది వీటిలో దేనితోనూ కాదు. 18వ శతాబ్దంలో ఒక దుబాసీ ఇంట్లో పెరుగుతూ వచ్చిన ఖాతాపుస్తకాలతో ఆరంభించాలి.

ఆనందరంగ పిళ్ళై (1709–1761) ఫ్రెంచి కంపెనీకి దుబాసీ. 1742 నుంచి 1754 వరకు గవర్నరుగా ఉన్న డ్యూప్లే ఆంతరంగికులలో ముఖ్యుడు. 1736 సెప్టెంబరులో మొదలుపెట్టి 1761 జనవరి వరకు సుమారు పాతికేళ్ళు వ్యావహారిక తమిళంలో ఆయన దినచర్య వ్రాసుకున్నాడు. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, కొలువులో జరిగిన సంభాషణలు, డ్యూప్లే భార్యతో తనకు గల వైరం, గ్రహస్థితులు, యుద్ధవార్తలు, పుకార్లు, అన్నీ అందులో ఉన్నవి. కర్ణాటక యుద్ధాలను గురించి వ్రాయదలచిన చరిత్రకారుడెవరూ ఈ దినచర్యను దాటిపోలేడు. అయితే చరిత్రకారులు దీనిని ఆధారపత్రంగా మాత్రమే చూస్తూ వచ్చినందువల్ల దీని సాహిత్యగుణానికి అన్యాయమే జరిగింది. గవర్నరు ముందు తాను పలికిన మాటలను, పలకకుండా మింగిన మాటలను పక్కపక్కన పెట్టి చెప్పడంలో ఆయనకు గల నేర్పు ఆ కాలపు దేశభాషల వచనంలో మరొకచోట కనిపించడం కష్టం. ఆత్మప్రశంస ఉన్నది, అది దాచుకోని ఆత్మప్రశంస కనుక పాఠకుడు సులభంగా క్షమిస్తాడు. విసుగు పుట్టించే పుటలు కూడా లేకపోలేదు. లాభనష్టాల పద్దులను, శకునాలను ఒకే శ్రద్ధతో నమోదు చేసే వ్యక్తి నుంచి ఎంపికను ఆశించడం న్యాయం కాదు.

దినచర్య 1761 జనవరి 12న ఆగిపోయింది. నాలుగు రోజులకు, జనవరి 16న, పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమైంది. పిళ్ళై ఆయుర్దాయమూ ఆ నెలలోనే ముగిసింది. ఆ తరువాత ఎనభై అయిదేళ్ళపాటు ఆ సంపుటాలు వంశీకుల ఇంట పడి ఉన్నవి. ఎవరూ వాటిని ధ్వంసం చేయలేదు, దొంగిలించలేదు, అమ్ముకోలేదు. దేవాలయ ఉపమానం ప్రకారం ఇంతకంటే భద్రమైన స్థితి మరొకటి ఉండదు. కాని లోకం దృష్టిలో ఆ ఎనభై అయిదేళ్ళూ అవి లేనివాటితో సమానమే. 1846లో అర్మాన్ గల్వా మోంబ్రాన్ అనే ఫ్రెంచివాడు వాటి ఉనికిని కనుగొని, విప్పి చూచి, నకలు వ్రాయించుకున్న తరువాతనే అవి గ్రంథమైనవి. కొద్దికాలానికే ఎదుఆర్ ఆరియెల్ అనే మరొక ఫ్రెంచి ఉద్యోగి మరొక ప్రతి సిద్ధం చేయించాడు. తమిళ గ్రంథాల సేకరణకు తన సంపాదననూ ఆరోగ్యాన్నీ ధారపోసి 1854లో ముప్ఫై ఆరేళ్ళ వయసులో కన్నుమూసిన ఈ ఆరియెల్ సేకరణ పారిస్‌కు చేరి, నేడు అక్కడి జాతీయ గ్రంథాలయంలో ఉన్నది.

దినచర్య అచ్చయిన క్రమం మరింత విచిత్రం. 1894లో జూలియెన్ విన్సన్ కొన్ని భాగాలను ఫ్రెంచిలో ప్రకటించాడు. 1904 నుంచి 1928 వరకు మద్రాసు ప్రభుత్వం పన్నెండు సంపుటాలలో ఇంగ్లీషు అనువాదాన్ని వెలువరించింది. మూలమైన తమిళం పుస్తకరూపం ధరించడం 1948 తరువాతి మాట. రచయిత ఏ భాషలో వ్రాసుకున్నాడో ఆ భాషవారికే గ్రంథం అందరికంటే ఆలస్యంగా అందింది. పాలకుల అవసరం పాఠకుల అవసరం కంటే ముందు నడిచిన కాలంలో ఇది ఆశ్చర్యం కాకపోవచ్చు గాని, గ్రంథరక్షణ ఎవరి కోసమన్న ప్రశ్నను మాత్రం ఇది వదలకుండా వెంట తెస్తుంది.

తెలుగు పాఠకులకు ఈ దుబాసీతో మరొక సంబంధం ఉన్నది. దానిని గురించి మన సాహిత్యచరిత్రలలో ఒకటి రెండు వాక్యాలకు మించి కనిపించదు. కస్తూరి రంగకవి రచించిన ఛందోగ్రంథానికి ‘ఆనందరంగరాట్ఛందము’ అని పేరు. ఒక తమిళ దుబాసీ పేరు తెలుగు ఛందశ్శాస్త్రానికి శీర్షిక కావడం దక్షిణదేశపు భాషాసంపర్కాలకు చక్కని సాక్ష్యం. ఈయన కీర్తిని గానం చేసినది తెలుగు ఒక్కటే కాదు. శ్రీనివాసకవి సంస్కృతంలో ‘ఆనందరంగ విజయచంపువు’ను వ్రాశాడు, త్యాగరాయ దేశికర్ తమిళంలో ‘ఆనందరంగన్ కోవై’ని రచించాడు. ఒకే పోషకుని చుట్టూ మూడు భాషల కవులు చేరిన ఆ పద్ధతి తంజావూరు, మధుర నాయకుల ఆస్థానాలను తలపిస్తుంది. నాయక రాజ్యాలు అస్తమించిన తరువాత కవులకు ఆశ్రయం రాజుల నుంచి వర్తకులకు మారిన సంధికాలం అది.

ముగ్గురు కవులూ ఆనందరంగనికి శాశ్వతకీర్తిని వాగ్దానం చేసే పని పెట్టుకున్నారు. కృతిభర్త పేరు కృతితోపాటు నిలుస్తుందన్నది ఆనాటి ఒప్పందం. ఫలితం వేరుగా పరిణమించింది. ఆ పేరు నేడు లోకానికి తెలిసింది కవుల స్తుతుల వల్ల కాదు, కృతిభర్త రాత్రివేళ తన కోసం తాను వ్రాసుకున్న వచనం వల్ల. అట్లాగని కవులు ఓడిపోయారని తీర్పు చెప్పడం తొందరపాటవుతుంది. రంగకవి విషయమే చూడవచ్చు. ఆయన రచించిన ‘సాంబ నిఘంటువు’, పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహము’, ఆడిదము సూరకవి ‘ఆంధ్రనామశేషము’ల సరసన చేరి, తెలుగు చదువుకునే పిల్లలు వల్లె వేసే పద్య నిఘంటువులలో ఒకటిగా నిలిచింది. పోషకుని పేరు మోసిన ఛందోగ్రంథం పండితుల అల్మరాలకు పరిమితమైతే, పర్యాయపదాలను పద్యాలలో కూర్చిన చిన్నపుస్తకం వీధిబడి పిల్లల నోటికెక్కింది. ఈ రెండింటిలో ఏది గొప్ప రచన అన్నది వేరే చర్చ. ఏది ఎక్కువమంది చదువరుల గుండా ప్రయాణించిందో మాత్రం స్పష్టమే.

ఇక్కడ ప్రతి వ్రాయడమనే పనిని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ముద్రణకు అలవాటుపడిన కాలంలో దాని విలువ మరుగున పడింది. తాళపత్రంపై గంటంతో చెక్కిన అక్షరం మసి పూస్తే గాని కంటికి ఆనదు. ఆకును ఏటా ఒకసారైనా విప్పి, దుమ్ము దులిపి, నూనె రాసి, గాలి సోకనిచ్చి మళ్ళీ పలకల మధ్య త్రాటితో కట్టాలి. సరస్వతీపూజ నాడు పుస్తకాలను బయటికి తీసే ఆచారంలో భక్తితోపాటు ఈ ప్రయోజనం కూడా ఇమిడి ఉన్నది. ఇంత చేసినా సముద్రపు తేమగాలికి, పురుగుకు, ఆకు పెళుసుదనానికి లొంగక తప్పదు. కనుక కొన్ని తరాలకొకసారి మరొక ఆకుపైకి అక్షరాలను ఎక్కించక తప్పదు. ఎక్కించేవాడు చదవాలి, చదవాలంటే ఆ లిపి, భాష, శాస్త్రం కొంతైనా తెలియాలి. ఒక గ్రంథం మూడు నాలుగు వందల ఏళ్ళు నిలిచిందంటే మధ్యలో ఎవరో కొందరు దానిని ఆసాంతం చదివారన్న మాట. లేఖకులు గ్రంథాంతంలో చేసే విన్నపం పండితులకు పరిచితమే. నడుము, మెడ వంగిపోయి, చూపు నిలిపి కష్టపడి వ్రాశామని, నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి, అన్నిటికంటే మించి మూర్ఖుని చేతి నుంచి ఈ పుస్తకాన్ని కాపాడమని వారు వేడుకుంటారు. ఎవరి చేతికీ ఇవ్వవద్దని మాత్రం ఆ విన్నపంలో ఉండదు. పరుల చేతికి పోయిన పుస్తకం పోయినట్లేనన్న సుభాషితం ప్రచారంలో ఉన్నమాట నిజమే గాని, అది పుస్తకాన్ని ఆస్తిగా చూచినవారి మాట. లేఖకుల మాట కాదు.

గల్వా మోంబ్రాన్, ఆరియెల్ పుదుచ్చేరిలో నకళ్ళు వ్రాయిస్తున్న కాలానికి కొంత ముందు నుంచి తెలుగుదేశంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అదే పనిలో ఉన్నాడు. కడపలో పండితులకు జీతాలిచ్చి, దొరికిన తాళపత్రాలకు కాగితపు ప్రతులు తీయించి, పాఠాంతరాలను సరిచూపించిన అతని కృషి తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఆ ప్రతులలో అధికభాగం నేడు మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నవి. బ్రౌన్‌కు ఆరియెల్‌కు ఉన్న తేడా ఒక్కటే: బ్రౌన్ సేకరణ ఈ దేశంలో మిగిలింది, ఆరియెల్ సేకరణ ఓడ ఎక్కింది. రెండూ భద్రంగానే ఉన్నవి. అయితే ఒకటి దాని భాష మాట్లాడే విద్యార్థికి బస్సు ఛార్జీ దూరంలో ఉన్నది, మరొకటి సముద్రాల అవతల. పుస్తకప్రియుల పక్షాన ఆలోచించినప్పుడు భద్రత ఒక్కటే కొలమానం కాజాలదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

1955లో జాఁ ఫిలియోజా నాయకత్వంలో ఏర్పడిన ఫ్రెంచి పరిశోధన సంస్థ ఈ పాత అన్యాయానికి ఒక విధమైన పరిహారం చేసిందనవచ్చు. వైద్యవృత్తి నుంచి ప్రాచ్యవిద్యలకు వచ్చిన ఫిలియోజా శైవాగమాలను సేకరించే ప్రణాళిక వేశాడు. ఎన్. ఆర్. భట్ వంటి పండితులు తమిళదేశంలోని ఆలయాలను, అర్చకుల ఇళ్ళను గాలించి తాళపత్రాలను సేకరించారు. ఇవ్వడానికి ఇష్టపడని చోట దేవనాగరి లిపిలో కాగితంపై ప్రతులు వ్రాయించారు. సేకరించిన గ్రంథాలు పుదుచ్చేరిలోనే ఉండిపోయినవి. అక్కడి రెండు ఫ్రెంచి సంస్థలలోని శైవగ్రంథాల సముదాయాన్ని, సుమారు పదకొండు వేల ప్రతులను, యునెస్కో 2005లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. వాటిలో అధికసంఖ్యాకం సంస్కృత భాషలో, గ్రంథలిపిలో ఉన్నవి.

గౌరవం తగినదే. అయితే ఈ గౌరవం తరువాత సర్వత్రా వినిపిస్తున్న ఒక సంతృప్తిని పరీక్షించవలసి ఉన్నది. ప్రతి ఆకునూ ఛాయాచిత్రం తీసి కంప్యూటరులో భద్రపరిస్తే ఇక గ్రంథానికి మరణం లేదని, గ్రంథాలయానికి పోవలసిన అవసరమూ తీరిపోతుందని అనుకునేవారున్నారు. ఛాయాచిత్రం గొప్ప సాధనం. పారిస్‌లో ఉన్నదాన్ని పుదుచ్చేరిలో, పుదుచ్చేరిలో ఉన్నదాన్ని హైదరాబాదులో చూడగలగడం ఆరియెల్ కాలంలో ఊహకందని విషయం. కాని పూర్వపు నకలుకూ దీనికీ మౌలికమైన భేదం ఉన్నది. లేఖకుడు చదవకుండా నకలు వ్రాయలేడు. యంత్రం చదవకుండానే తీస్తుంది. గ్రంథలిపి తెలిసినవారి సంఖ్య తరతరానికీ తగ్గుతున్నప్పుడు, ఎవరూ చదవని పదివేల చిత్రాలు వంశీకుల ఇంట పడి ఉన్న దినచర్య సంపుటాల స్థితికే చేరుకుంటవి. కాకపోతే వీటికి పురుగు పట్టదు. సాంకేతిక పరికరాలకు కేటాయించే ధనంలో కొంతైనా లిపిశిక్షణకు, యువ పండితుల వేతనాలకు మళ్ళించాలని ఆయా రంగాలలోని వారు కోరడం ఈ కారణంగానే. నిధులు మంజూరు చేసే అధికారులకు పరికరం కంటికి కనిపించే ఖర్చు. పండితుడు కనిపించని ఖర్చు.

ప్రభుత్వ గ్రంథాలయం కథ వేరు. 1827లో గవర్నరు దెబాసాఁ ద రిష్‌మోఁ స్థాపించిన ఈ గ్రంథాలయం ఆరంభంలో తెల్లవారికే. కాలక్రమాన ద్వారాలు అందరికీ తెరుచుకున్నవి. స్వాతంత్ర్యానంతరం దీనికి రోమా రోలా (1866–1944) పేరు పెట్టడంలో ఉన్న సార్థకత బహుశా పెట్టినవారు కూడా పూర్తిగా ఊహించి ఉండరు. గాంధీజీ, రామకృష్ణ పరమహంస, వివేకానందుల జీవితచరిత్రలను వ్రాసి యూరప్‌కు భారతదేశాన్ని పరిచయం చేసిన రోలా ఈ దేశాన్ని ఏనాడూ చూడలేదు. అతనికి ఇంగ్లీషు కూడా బాగా రాదు. సోదరి మదలేన్ ఇంగ్లీషు పుస్తకాలను చదివి అనువదించి చెబుతుంటే విని గ్రహించినవాడు. అంటే భారతదేశం అతనికి కేవలం పుస్తకాల ద్వారా, ఉత్తరాల ద్వారా, ఇంటికి వచ్చిన అతిథుల ద్వారా దక్కిన దేశం. దోషాలు దొర్లకుండా ఎట్లా ఉంటవి? అయినా, పుస్తకం ద్వారా మాత్రమే ఒక దేశాన్ని ప్రేమించడం సాధ్యమని నిరూపించిన వ్యక్తి పేరు ఒక గ్రంథాలయానికి ఉండడం సముచితం.

తెలుగుదేశంలో గ్రంథాలయాలు పుట్టిన తీరుతో దీనిని పోల్చి చూస్తే ఒక విషయం బోధపడుతుంది. అక్కడ గవర్నరు స్థాపిస్తే పాఠకులు తరువాత వచ్చారు. ఇక్కడ పాఠకులే ముందు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం చందాలతో, విరాళాలతో, స్థానికుల పట్టుదలతో వెలసినవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచిన అయ్యంకి వెంకట రమణయ్య, కృష్ణా కాలువలపై పడవలో పుస్తకాలను పల్లెలకు చేర్చిన పాతూరి నాగభూషణం పుస్తకాన్ని కాపలా కాయలేదు, ప్రయాణం చేయించారు. పుదుచ్చేరికి ఎంతో దూరం లేని శియాళిలో పుట్టిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో తన అయిదు సూత్రాలను ప్రకటించినప్పుడు మొదటి సూత్రంగా పుస్తకాల వినియోగాన్నే పేర్కొనడం, పాశ్చాత్యదేశాలలో పూర్వం గ్రంథాలను గొలుసులతో బంధించిన చరిత్రను అక్కడ ప్రస్తావించడం గమనార్హం. మన దేశంలో గొలుసులు లేవు గాని అల్మరా తాళాలున్నవి. తాళపుచెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నాడన్న మాట ఏ పాఠకుడికీ కొత్త కాదు.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో తెలుగు పరాయిభాష కాదు. గోదావరి తీరాన ఉన్న యానాం దాని అంతర్భాగమే. రాజధాని నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నప్పటికీ అక్కడి ప్రజల భాష తెలుగే. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బాల్యవిద్యతో ముడిపడిన ఊరు అది. అయితే పుదుచ్చేరిలో తెలుగుకు ఉన్న స్థానం యానాం ప్రతినిధుల ద్వారా మాత్రమే సంక్రమించినదనుకోవడం పొరపాటు. యానాం ప్రస్తావన లేకుండానే, పట్టణం నడిబొడ్డున, రంగపిళ్ళై వీధికి పేరిచ్చిన వ్యక్తి అండన తెలుగు ఛందోగ్రంథం వెలసింది. ఆ వీధిలో నడిచే తమిళునికి ఆ సంగతి తెలియకపోతే తప్పు పట్టలేము. ఉద్యోగరీత్యా అక్కడికి చేరి, గ్రంథాలయంలో తెలుగు దినపత్రిక కోసం వెతుక్కునే తెలుగువానికి కూడా తెలియకపోవడం విచారకరం.

శ్రీనివాసకవి చంపువును వి. రాఘవన్ 1948లో పరిష్కరించి సవిమర్శకంగా ప్రకటించారు. ఆ చంపువును, రంగకవి ఛందస్సును, త్యాగరాయ దేశికర్ కోవైని పక్కపక్కన ఉంచి, అదే సంవత్సరాల దినచర్య పుటలతో సరిపోల్చి చదివితే తెలిసే విషయాలు చాలా ఉంటవి. కవులు అతనిలో ఏమి చూశారు, తాను తనలో ఏమి చూచుకున్నాడు, మూడు భాషలూ ఒకే స్తుతిని ఎట్లా వేరువేరుగా పలికాయి అన్నవి వాటిలో కొన్ని. ఇందుకు తెలుగు, తమిళం, సంస్కృతం తెలిసిన ముగ్గురు చదువరులు, ఒక బల్ల, ఒక సంవత్సరం చాలు. యానాంలోనూ పుదుచ్చేరిలోనూ ఒకే ప్రభుత్వం ఉన్నది కనుక ఆ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టడానికి మరొక రాష్ట్రపు అనుమతి కూడా అవసరం లేదు.